గొంతుకో మైకు... కొమ్ముకో మైకు!

ఖరీదైనది కాదు, తగినది కావాలి
పెద్దల పాట నిలవాలంటే వినే చెవి మంచిదై వుండాలి

పెనుబల్లి: పల్లెల్లో మైకు అంటే గుడి మీదో, వేపచెట్టు కొమ్మకో కట్టిన బాకా. 'మైకు పెట్టారు' అంటే వూరంతా వినపడుతోందని అర్థం. నిజానికి అది మైకు కాదు, లౌడుస్పీకరు. పాడేవారి ముందు కర్రకు నిలబెట్టి వుండే చిన్న గుండ్రటి తలకాయే అసలు మైకు. బాకా నోరయితే మైకు చెవి. నలుగురికీ వినిపించడానికి నోరు పెద్దదైతే సరిపోతుంది. పాటను దాచిపెట్టుకోవాలంటే మాత్రం చెవి మంచిదై వుండాలి.

ఖమ్మం జిల్లా అంచున, భద్రాద్రి కొత్తగూడెం అడవులకు ఆనుకుని వున్న పెనుబల్లి ప్రాంతంలో ఇప్పుడు ఈ చెవి అవసరం బాగా పెరిగింది. పెళ్ళిళ్ళకు, గుడి ఉత్సవాలకు సన్నాయి వాయించేవారు, భజన మండళ్ళవారు, కోయ గూడేల్లో రేల పాటలు పాడేవారు తమ పాటను రికార్డు చేసి ఒకరికొకరు ఫోన్లలో పంపుకోవడం మామూలైపోయింది. తీరా విని చూస్తే సన్నాయి చెవులు గీరుతున్నట్టు వుంటుంది. కొమ్ము మోత పగిలిన డబ్బాలా వుంటుంది. ముసలమ్మ గొంతు బావిలోంచి వస్తున్నట్టు వుంటుంది. తప్పు పాడినవారిది కాదు, ఊదినవారిది కాదు. చాలాసార్లు తప్పు మైకుది, దాన్ని పెట్టిన చోటుది.

'ఈసారి కాకపోతే మళ్ళీ పాడించుకుందాం' అనుకునే రోజులు కావివి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. సమ్మక్క సారలమ్మల గాథలను, కోయ వీరుల చరిత్రలను ఆయన కోయ, తెలుగు భాషలు రెండింటిలోను పాడేవారు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. డోలి కోయల చరిత్ర నోటి మీద నిలిచిన చరిత్ర. పడిగె గుడ్డ మీద బొమ్మలు వుంటాయి గాని, రాగం వుండదు. ఆ రాగం తెలిసిన పెద్దలు గూడేల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది మిగిలారు. వారి ముందు పెట్టే మైకు ఏదన్నది చిన్న సంగతేమీ కాదు.

కొమ్ములోకి పాడిన రోజులు

మైకు పుట్టకముందే పాటను పట్టి దాచడం మొదలైంది. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. అప్పుడు మైకు లేదు. గాయని ఒక పెద్ద రేకు కొమ్ములోకి ముఖం పెట్టి బిగ్గరగా పాడాలి. ఆ శబ్దం కొమ్ము చివర వున్న సూదిని కదిలించి మైనపు పలక మీద గీత గీసేది. మెల్లగా పాడితే గీత పడదు. గొంతు పెద్దగా వున్నవారికే ఆనాటి రికార్డుల్లో చోటు దక్కింది. ప్లేటు విదేశంలో తయారై రావాలి కనుక పాట ఎవరిదో తెలియడానికి గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పేది.

1925 నుంచి మైకుతో రికార్డు చేయడం వాడుకలోకి వచ్చింది. అప్పటినుంచి మెల్లని గొంతుకు కూడా విలువ వచ్చింది. లాలిపాట లాలిపాటలాగే వినపడింది. మన ప్రాంతంవారికి మైకు మహిమ తెలిపింది రేడియో. భద్రాచలం సీతారాముల కల్యాణానికి ఉషశ్రీ చెప్పిన వ్యాఖ్యానం విని, కల్యాణం కళ్ళారా చూసినట్టు పొంగిపోయినవారు ఇప్పటికీ ప్రతి వూళ్ళో వున్నారు. గొంతు ఆయనదే అయినా ఆ గొంతును అంత దగ్గరగా వూళ్ళోకి తెచ్చింది మైకే.

మూడు రకాల చెవులు

గొంతుకూ, ఊదే వాద్యాలకూ వాడే మైకులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది డైనమిక్ మైకు. సభల్లో, భజనల్లో చేత పట్టుకునేది చాలావరకు ఇదే. లోపల పలుచని పొర, దానికి అంటించిన తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం వుంటాయి. శబ్దం తగిలితే పొర కదులుతుంది, చుట్ట కదులుతుంది, కరెంటు పుడుతుంది. పాత సైకిళ్ళకు వుండే డైనమో సూత్రమే ఇది. దీనికి వేరే కరెంటు అక్కరలేదు. కిందపడినా ఒక పట్టాన పాడవదు. ఎంత మోతనైనా తట్టుకుంటుంది. అయితే దూరాన వున్న మెల్లని శబ్దం దీనికి అంతగా అందదు. ప్రపంచమంతా గాయకుల చేతుల్లో కనపడే ష్యూర్ కంపెనీ ఎస్ఎం 58 ఈ జాతిదే. అది 1966లో వచ్చింది. నేటికీ అదే రూపంలో అమ్ముడవుతోంది.

రెండవది కండెన్సర్ మైకు. స్టూడియోలో గాయకుల ముందు వేలాడుతూ కనపడేది సాధారణంగా ఇదే. ఇందులో తీగచుట్ట వుండదు. లోహపు పూత పూసిన పలుచని పొర ఒకటి, దాని వెనుక పలక ఒకటి వుంటాయి. పొర చాలా తేలిక కనుక వూపిరి తీసిన చప్పుడు కూడా పడుతుంది. దీనికి సాధారణంగా 48 వోల్టుల కరెంటు కావాలి. మిక్సరు నుంచి అదే తీగ గుండా వస్తుంది. దీన్ని 'ఫాంటమ్ పవర్' అంటారు. మిక్సరుకు ఆ సదుపాయం లేకపోతే ఇలాంటి కండెన్సర్ మైకు మూగదే. తేమ దీనికి గిట్టదు.

మూడవది రిబ్బన్ మైకు. అయస్కాంతాల మధ్య వెంట్రుక కన్నా పలుచని అల్యూమినియం రేకు వేలాడదీసి వుంటుంది. శబ్దంలోని గరుకును మెత్తగా పడుతుంది కనుక సన్నాయి, ఇత్తడి బూరల వంటి గట్టి వాద్యాలకు దీన్ని ఇష్టపడతారు. గాలి ఊదితే రేకు సాగిపోతుంది. పాత రకాలకు పొరపాటున 48 వోల్టులు వదిలితే చెడిపోయే ప్రమాదం కూడా వుంది. కాబట్టి అలవాటు లేని చేతికి ఇది ఇవ్వకూడదు.

తమలపాకు ఆకారంలో...

మైకు ఏ దిక్కు నుంచి వింటుందన్నది కూడా తెలిసి వుండాలి. కొన్ని మైకులు ఎదుటివైపు బాగా, పక్కలకు కొంత వింటాయి. వీపువైపు దాదాపు వినవు. అవి వినే మేర గీసి చూస్తే తమలపాకులా వుంటుంది. ఇలాంటి మైకునే 'కార్డియాయిడ్' అంటారు. కొన్ని నాలుగు దిక్కులా సమానంగా వింటాయి. రిబ్బన్ మైకులు సాధారణంగా ముందు, వెనుక వింటాయి, పక్కలు వదిలేస్తాయి. వాటిది ఎనిమిది అంకె ఆకారం.

ఈ సంగతి తెలిస్తే సగం పని అయినట్టే. డోలి మోతలో పాట మునిగిపోతోందంటే మరో మైకు కొననక్కరలేదు. తమలపాకు మైకు ముఖం గాయకుడి వైపు, వీపు డోలి వైపు వుండేటట్టు తిప్పితే చాలు, పాట తేలుతుంది. రేల పాటకు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతారు. అక్కడ తమలపాకు మైకు పెడితే ఒక్కొక్క గొంతు దగ్గరకు వచ్చి దూరమవుతుంది. వలయం నడుమ నాలుగు దిక్కులా వినే మైకు నిలబెడితే అందరి గొంతూ సమంగా వస్తుంది.

గొంతుకు జానెడు దూరం

మైకు పెదవులకు ఆనించి పాడడం చాలామందికి అలవాటు. సభలో అది చెల్లుతుంది. రికార్డులో చెల్లదు. తమలపాకు మైకు నోటికి మరీ దగ్గరైతే బొంగురు పెరిగి గొంతు లావుగా వస్తుంది. జానెడు దూరం మేలు. 'ప', 'ఫ', 'భ' వంటి అక్షరాలు పలికినప్పుడు నోటినుంచి వచ్చే గాలి మైకుకు తగిలి 'ఢబ్బు' మంటుంది. మైకును నోటికి సూటిగా పెట్టకుండా కాస్త పక్కగా, నుదుటి ఎత్తున వుంచి నోటివైపు వంచితే ఆ బాధ తప్పుతుంది. ఎంబ్రాయిడరీ రింగుకు పలుచని నైలాను గుడ్డ బిగించి మైకు ముందు నాలుగు వేళ్ళ ఎడంగా నిలిపితే ఇంకా మంచిది. దుకాణాల్లో 'పాప్ ఫిల్టర్' పేరుతో అమ్మేది ఇలాంటిదే.

దూరం పెంచితే ఏమవుతుంది? జానెడు రెండు జానలైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ వున్న ఫ్యాను మోత, కోళ్ళ అరుపు, రోడ్డు మీద లారీ మోత మాత్రం తగ్గవు. అందుకే దూరాన పెట్టిన ఫోనులో పాట కన్నా పరిసరాలే ఎక్కువ వినపడతాయి.

వృద్ధుల గొంతు మెల్లగా వుంటుంది. బలవంతాన బిగ్గరగా పాడించకూడదు. నిశ్శబ్దమైన చోటు దొరికితే వారికి కండెన్సర్ మైకే తగినది. చుట్టూ సందడి వుంటే మాత్రం డైనమిక్ మైకును బెత్తెడు దూరానికి జరపడమే దారి.

సన్నాయి అంతా పాడుతుంది

సన్నాయి శబ్దం కింది గరాటు నుంచే వస్తుందనుకుని చాలామంది మైకు అక్కడ గురిపెడతారు. అది పొరపాటు. సన్నాయికి వేళ్ళు వేసే రంధ్రాలు ఏడు. తెరిచిన రంధ్రాల నుంచి కూడా స్వరం వెలువడుతుంది. గరాటు ముందు పెడితే కొన్ని స్వరాలు గుద్దినట్టు, కొన్ని దూరంగా వుంటాయి. మైకును రెండు మూరల దూరాన, వాద్యం నడిమి భాగానికి గురిగా, కొంచెం పై ఎత్తున వుంచాలి. అప్పుడు అన్ని స్వరాలు ఒకే తూకంలో పడతాయి. గమకం విడిపోదు. కారంచేడు, చిలకలూరిపేట వైపు నుంచి భద్రాచలం దాకా తెలుగునాట సన్నాయికి వున్న గౌరవం చిన్నది కాదు. షేక్ చిన మౌలానాకు 1977లో, షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ పురస్కారాలు దక్కాయి. అంతటి వాద్యాన్ని గీరుడు శబ్దంగా దాచిపెట్టడం న్యాయం కాదు.

సన్నాయి మోత దగ్గర్లో 100 డెసిబెల్స్ దాటగలదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట మూడడుగుల దూరాన 60 దాకా వుంటుంది. కాబట్టి సన్నాయికి కండెన్సర్ మైకు కొనదలచినవారు అది ఎంత మోత తట్టుకుంటుందో కాగితంలో చూడాలి. 130 డెసిబెల్స్ పైన తట్టుకునేది అయితే భయం లేదు. మోత తగ్గించే మీట వున్న మైకు ఇంకా మంచిది.

పిల్లనగ్రోవికి గాలి, కొమ్ముకు దెబ్బ

పిల్లనగ్రోవి సంగతి వేరు. మోత తక్కువ, గాలి ఎక్కువ. ఊదే రంధ్రం ఎదుట మైకు పెడితే పాట కన్నా 'హుష్షు' మనే చప్పుడే ముందుంటుంది. మైకును మూరెడు దూరాన, పెదవుల కన్నా పైకి ఎత్తి, కిందికి వంచి వుంచాలి. గాలి మైకు కింది నుంచి పోతుంది, స్వరం మైకుకు చేరుతుంది. దీనికి సన్నపాటి కండెన్సర్ మైకు బాగుంటుంది.

కోయల తూతకొమ్ము విషయంలో జాగ్రత్త కావాలి. (నృత్యంలో తలకు కట్టుకునే అడవిదున్న కొమ్ములు వేరు, ఊదే కొమ్ము వేరు.) దీనికి వేళ్ళు వేసే రంధ్రాలు లేవు. శబ్దమంతా మూతి నుంచే ఒక్కసారిగా దూకుతుంది. ఎదురుగా సున్నితమైన మైకు పెడితే రికార్డు పగిలిపోతుంది. ఒకసారి పగిలిన రికార్డును ఏ యంత్రమూ పూర్తిగా అతికించలేదు. కొమ్ముకు డైనమిక్ మైకు ఉత్తమం. బారెడు దూరాన, మూతికి సూటిగా కాకుండా కాస్త పక్కగా వుంచాలి. కొమ్ము ఊదేవారు కదులుతూ వుంటారు కనుక నేల మీద సున్నంతో గీత గీసి, ఆ గీత దగ్గర నిలబడమని కోరితే సరిపోతుంది.

రికార్డు చేసేటప్పుడు యంత్రంలో శబ్దం కొలిచే గీతలు పైకప్పుకు తగలకూడదు. అందరికన్నా గట్టిగా ఊదే ఘట్టాన్ని ముందే ఒకసారి ఊదించి, గీత మైనస్ 12 దగ్గర ఆగేటట్టు తగ్గించుకుని మొదలుపెట్టాలి. ఉత్సాహం వచ్చాక ఎవరైనా ఇంకా గట్టిగానే ఊదుతారు.

స్లాబు గది కన్నా పూరిల్లు మేలు

మంచి మైకు కొని ఖాళీ స్లాబు గదిలో పెడితే డబ్బు వృథా. నున్నటి గోడలు, బండల నేల శబ్దాన్ని తిప్పికొడతాయి. చెవికి అంతగా తెలియని ఆ ప్రతిధ్వని మైకుకు తెలుస్తుంది. ఈ విషయంలో గూడెంలోని పూరిల్లే నయం. తాటాకు కప్పు శబ్దాన్ని మింగుతుంది. మట్టిగోడ ఎగుడుదిగుడుగా వుండి చెదరగొడుతుంది. స్లాబు గది తప్పదనుకుంటే దండేలకు బొంతలు, దుప్పట్లు వేలాడదీయాలి. నేల మీద చాపలు పరచాలి. పత్తి బస్తాలు వున్న కొట్టం దొరికితే అదే స్టూడియో! రేకుల షెడ్డు మాత్రం పనికిరాదు. వాన చినుకు పడితే పాట పోయినట్టే.

వేళ కూడా ముఖ్యం. సాయంత్రమైతే అడవి అంచు వూళ్ళలో కీచురాళ్ళ రొద ఆగదు. తెల్లవారుజామున గాలి తక్కువ, బళ్ళు తక్కువ. ఫ్యాను, ఫ్రిజ్, ట్యూబులైటు ఆపి, ఒక నిమిషం వూరికే రికార్డు చేసి వింటే ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఒక్క మైకే కొనగలిగితే...

భజన మండలికో, యువజన సంఘానికో నాలుగు రకాలు కొనే స్తోమత వుండదు. ఒక్కటే కొనగలిగితే తమలపాకు రకం డైనమిక్ మైకు కొనడం మేలు. గొంతుకు, సన్నాయికి, కొమ్ముకు మూడింటికీ పనికివస్తుంది. సభకూ, రికార్డుకూ రెండింటికీ నడుస్తుంది. దుమ్ముకు, ఉక్కకు ఓర్చుకుంటుంది. రెండవది కొనే అవకాశం వస్తే అప్పుడు కండెన్సర్. అది వృద్ధుల గొంతుకు, పిల్లనగ్రోవికి.

కొనేముందు కొన్ని సంగతులు చూసుకోవాలి. తీగ మూడు పిన్నుల జాక్కుది అయితే పొడవు పెరిగినా గుయ్ మనే మోత అంతగా చేరదు. కంప్యూటరుకు నేరుగా గుచ్చే మైకు రికార్డుకు సులువే గాని, భజనలో ఆంప్లిఫయరుకు తగిలించడానికి పనికిరాదు. పేరున్న కంపెనీల మైకులకు నకిలీలు ఎక్కువ. మరీ చవకగా వస్తే అనుమానించాలి. దుకాణంలో మైకును వేలితో కొట్టి చూడడం, 'ఫూ' అని ఊదడం పరీక్ష కాదు. వాయించే మనిషినే వెంట తీసుకువెళ్ళి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి రికార్డు చేయించి, హెడ్‌ఫోన్‌లో వినడమే పరీక్ష. ఇంటికి తెచ్చాక గట్టి మూత వున్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి దాచాలి.

ఫోనే గతి అయితే...

మైకు లేదని పాట ఆపనక్కరలేదు. ఫోనుతోనే చేయవలసి వస్తే ముందు కాల్స్ రాకుండా చూడాలి. ఫోను కింది అంచున వున్న చిన్న రంధ్రమే మైకు. దాన్ని వేలితో మూయకూడదు. ఫోన్లు శబ్దాన్ని వాటంతట అవే పెంచి తగ్గించుకుంటాయి. అందుకే కొమ్ము మోగగానే పాట అణిగిపోయి, కొమ్ము ఆగగానే మెల్లగా లేస్తుంది. ఆ సదుపాయాన్ని ఆపగలిగే రికార్డింగ్ యాప్ దొరికితే వాడాలి. 'వేవ్' ఫైలుగా దాచుకోవాలి. వాట్సాప్ వాయిస్ మెసేజీగా పంపిన పాట చిన్నదైపోతుంది, అందులోని సొగసు కొంత పోతుంది. అసలు ఫైలును రెండు చోట్ల దాచి, నకలు మాత్రమే పంపాలి.

పాట ఎవరిదో రాసి పెట్టాలి

గౌహర్ జాన్ నూరేళ్ళ పైచిలుకు కిందట చేసిన పని ఇవాళ్టికీ ఆదర్శమే. రికార్డు మొదట్లోనో, చివరనో పాడినవారి పేరు, వూరు, పాట పేరు, తేదీ వారి నోటితోనే చెప్పించాలి. పేరు లేని ఫైలు నాలుగు ఫోన్లు మారేసరికి అనాథ అవుతుంది. వంశ కథలు, కొలుపు పాటలు కొన్ని అందరికీ వినిపించేవి కావు. అనుమతి అడిగి తీసుకోవాలి. ఎవరికి వినిపించవచ్చో, ఎవరికి వద్దో కూడా వారినే అడగాలి. ఒక నకలు పాడినవారి ఇంటికి తప్పకుండా చేరాలి. తాత పాట మనవడికి దొరకకపోతే ఆ రికార్డు వుండీ ఫలితం లేదు.

పెళ్ళిపందిరి మైకు సెట్టుకు వేలకు వేలు వెచ్చించే వూళ్ళలో పాటను పట్టే మైకు ఒక్కటి వుండదు. ప్రతి గూడెమూ కొనుక్కోవడం సాధ్యం కాదు. ఒక డైనమిక్ మైకు, ఒక కండెన్సరు, ఒక రికార్డరు, రెండు తీగలు, నాలుగు బొంతలు. ఇంతే సామాను. భద్రాచలం ఐటీడీఏ గాని, మండల గ్రంథాలయం గాని ఇలాంటి పెట్టె ఒకటి సమకూర్చి, అడిగిన గూడేనికి నాలుగు రోజులు ఇచ్చే ఏర్పాటు చేస్తే ఖర్చు స్వల్పం, ఫలితం ఎక్కువ. పంచాయతీలు, యువజన సంఘాలు కూడా ఈ విషయమై పూనుకోవలసి వుంది. పాడే పెద్దలు వున్నప్పుడే ఆ పెట్టె గూడెం చేరాలి.